మాస్టారి మొక్క, సబ్బమ్మ ముక్కు

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. పిలిచేవాళ్ళు లేక అది ఎప్పుడో మూలపడింది. డ్రాయింగు మాస్టారి ఇంట్లో పనికి కుదిరిన మర్నాడే ఆయన ఆవిడకి సబ్బమ్మ అని పేరు తగిలించేశారు. అప్పటికి ఆయనకి కుడివైపు మాత్రమే పడిపోయింది, నోరు ఇంకా చెప్పుచేతల్లోనే ఉంది. "ఏమ్మా, నన్ను చూసుకోవడానికి వచ్చావా, ఉతికి ఆరెయ్యడానికి వచ్చావా? నా పెళ్ళినాడు కూడా ఇంత సబ్బు రుద్దుకోలేదు నేను" అన్నారు. ఆవిడ నవ్వలేదు. పనిలో ఉన్నప్పుడు నవ్వడం ఆవిడకి చేతకాదు. చంకల్లో నురగ తుడిచేసి, "రెండో వైపు తిరగండి" అంది.

మంచం పట్టినవాళ్ళని చూసుకోవడం ఆవిడ పని. ఆ పని గురించి జనం చాలా గొప్పగా మాట్లాడతారు. ఎంత సేవ, ఎంత పుణ్యం అంటూ కళ్ళు తుడుచుకుంటారు. అలా తుడుచుకునేవాళ్ళలో ఒక్కరూ తడిగుడ్డ పట్టుకున్న పాపాన పోరు. సబ్బమ్మకి పుణ్యం సంగతి పట్టదు. ఆవిడ చూసేది రెండే: మనిషి వీపు మీద పుండు పడకూడదు, గదిలో వాసన రాకూడదు. ఆ మంచిపేరు ఉంది కాబట్టే ఒక ఇంట్లో పని అయిపోగానే, అంటే ఆ ఇంట్లో మనిషి అయిపోగానే, ఇంకో ఇంటివాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవారు.

వాళ్ళు రావడం ఆవిడకి అవసరం. భర్త పోయాడు, పిల్లలు లేరు, సొంత ఇల్లంటూ లేదు. పని లేని రోజుల్లో తమ్ముడింట్లో వంటింటి తలుపు వెనక మడతమంచం వేసుకుంటుంది. మరదలు మంచిదే, ఒక్క మాట అనదు. గిన్నెలు మాత్రం కాస్త గట్టిగా పెడుతుంది. అందుకని ఎవరి మంచం పక్కన చోటు దొరికితే అదే సబ్బమ్మ ఇల్లు. మాస్టారి గదిలో ఒక మూల ఆవిడ పక్క, గోడకి ఆవిడ అద్దం, మేకుకి ఆవిడ బట్టల సంచి. ఇన్నేళ్ళ మంచాల పక్కన బతుకులో అంత వెలుతురున్న గది ఆవిడకి దొరకలేదు. మాస్టారంత మంచి రోగి కూడా దొరకలేదు.

ఆ గది కిటికీ బయట, ఊచల అవతలి అరుగు మీద, ఒక వెడల్పాటి మట్టికుండీ ఉండేది. అందులో ఉన్నదాన్ని మొక్క అనడానికి మొదట్లో సబ్బమ్మకి మనసొప్పలేదు. ఆకుల్లేవు. వేళ్ళంత లావున పలకలు పలకలుగా కాడలు, వాటి మీద ముఖమల్ లాంటి నూగు. ఎవరో బెండకాయల్ని తలకిందులుగా నాటి మర్చిపోయారా అన్నట్టుంటుంది. మాస్టారు తనతో పనిచేసిన లెక్కల టీచర్ని బతిమాలి ఒక ముక్క తెచ్చుకుని, దాన్ని అంత చేశారట.

"దానికి రోజూ నీళ్ళు పొయ్యనా?" అని అడిగింది ఆవిడ.

"పోశావంటే నిన్ను పనిలోంచి తీసేస్తాను. అది ఒంటి నిండా నీళ్ళు దాచుకున్న జాతి. మట్టిలో వేలు పెట్టి చూడు. పొడిగా ఉంటే కాసిని పొయ్యి. తడి తగిలితే దాని జోలికి పోకు. చలికాలంలో అసలు అదొకటుందన్న సంగతే మర్చిపో."

"నీళ్ళు పొయ్యకుండా పెంచడమేంటండీ, చోద్యం కాకపోతే!"

"నీ సబ్బూ నీళ్ళూ నా దగ్గరే చెల్లుతాయి. దాని దగ్గర చెల్లవు" అని నవ్వారు.

నీళ్ళే సర్వం అనుకునే మనిషికి అది మింగుడుపడలేదు. కానీ పక్కనే ఉన్న ప్రాణాన్ని చూసుకోకుండా ఉండటం ఆవిడకి రాదు. మెత్తటి కుంచెతో కాడల మీద దుమ్ము దులపడం నేర్చుకుంది. సందుల్లో తెల్లటి పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తీసేది, అచ్చం మాస్టారికి ఇంజెక్షన్ ముందు తుడిచినట్టే. ఒక వానాకాలం ఒక కాడ అడుగున మెత్తబడితే, ఆయన చెప్పినట్టే పదునైన చాకుతో పైకి కోసి, కోసిన చోటు ఎండి గట్టిపడేదాకా కాగితం మీద పడేసి, ఆ తర్వాత ఇసకా ఇటుక ముక్కలూ కలిపిన మట్టిలో గుచ్చింది. అది బతికింది. ఆ పూట ఆవిడ పనిలో ఉండి కూడా నవ్వింది, మాస్టారు చూశారు.

"ఇది పూస్తుందాండీ?"

"పూస్తుంది. మొగ్గ ఇంతవరకు నేనూ చూడలేదు. పూసిన రోజు చెప్తాను దీని సంగతి. అప్పటిదాకా ఆగు" అని కన్ను గీటారు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. పిల్లలతో వేగిన మనిషి కదా, ఊరించడంలో ఆరితేరిపోయారు. ఆ ఊరింపే కొంప ముంచింది. పువ్వు కంటే ముందు పక్షవాతం రెండోసారి వచ్చింది. మాట పూర్తిగా పోయింది. కళ్ళు మూస్తే ఔను, తల అటూ ఇటూ కదిపితే కాదు, ఎడమచెయ్యి ఎటు చూపిస్తే అది కావాలి. మనిషికి బుద్ధి మాత్రం బంగారంలా ఉంది. ఎవరేమన్నా అంతా వినపడేది, అంతా అర్థమయ్యేది. పువ్వు సంగతి మాత్రం ఆయన లోపలే ఉండిపోయింది.

ఇక్కడ సబ్బమ్మ సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఎవరికీ చెప్పుకోని సంగతి. ఆ ఏడాది ఆవిడకి జ్వరం వచ్చింది. తమ్ముడింట్లో పడుకుని, తగ్గాక తిరిగి వచ్చింది. వచ్చిన రోజే స్టవ్ మీద పాలు మాడి గిన్నె నల్లబడితే, మాస్టారి కూతురు పక్కగదిలోంచి పరిగెత్తుకొచ్చి కట్టేసింది. సబ్బమ్మ ఆ పక్కనే నిలబడి ఉంది. ఆవిడకి ఏమీ తెలియలేదు. బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఫినాయిల్ సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. నీళ్ళ సీసా వాసన చూసినట్టుంది.

వాసన తెలియని ఆయా అంటే చెవులు వినపడని పాటగత్తె లాంటిది. ఎవరు పెట్టుకుంటారు? ఇవాళో రేపో తిరిగి వస్తుందనుకుంది. రాలేదు. దాంతో ముక్కు చెయ్యాల్సిన పని కళ్ళకి అప్పజెప్పింది. గంట చూసుకుని గుడ్డలు మార్చేది. తడి అయిందో లేదో చూడకుండానే మార్చేది. ఎవరైనా గదిలోకి వస్తే ముందు వాళ్ళ ముక్కు వైపు చూసేది. ముడుచుకుందా, మామూలుగా ఉందా? ఊళ్ళోవాళ్ళ ముక్కులే ఆవిడ ముక్కు అయ్యాయి. మాస్టారి దగ్గర కూడా నోరు విప్పలేదు. విప్పి ఉంటే ఆయన ఏం చేసేవారు? మూగమనిషి, ఎవరికి చెప్తారు? కానీ భయం అంత దూరం ఆలోచించనివ్వదు.

మాస్టారి కూతురికి ఆఫీసులో పెద్ద ఉద్యోగం. చెడ్డమనిషి కాదు. తండ్రికి గాలిపరుపు తెచ్చింది, మంచి డాక్టర్ని పెట్టింది, సబ్బమ్మని గౌరవంగానే చూసింది. సాయంత్రం ఇంటికి రాగానే భుజాన బ్యాగు దించకుండా తండ్రి గది గుమ్మం దగ్గర నిలబడి, "నాన్నా, బాగున్నావా?" అని అడుగుతుంది. ఆయన కళ్ళు మూస్తారు. ఆవిడ వెళ్ళిపోతుంది. అంతే. గుమ్మం లోపలికి ఆవిడ అడుగు పడగా సబ్బమ్మ చూడలేదు. ప్రేమ లేదని కాదు. ఆ ప్రేమ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేది.

వేసవి చివర్లో కాడల మొదట్లో మొగ్గలు కనిపించాయి. ఒకటి కాదు, గుత్తి. సబ్బమ్మ గంతేసినంత పని చేసింది. "మాస్టారూ, వచ్చాయండీ! మీ మొగ్గలు వచ్చేశాయి!" ఆయన ఎడమచెయ్యి మంచం పట్టీ మీద తాళం వేసినట్టు ఆడింది. మొగ్గలు ఉబ్బి ఉబ్బి నిమ్మకాయంత అయ్యాయి. ఒక పొద్దున మొదటిది విచ్చుకుంది. అయిదు కోణాల నక్షత్రం, అరచేతికంటే పెద్దది. పసుపు మీద ఎర్రటి గీతలు, అంచులకి సన్నటి వెంట్రుకలు. అందం అనలేం, కళ్ళు తిప్పుకోనూలేం. పూసింది ఆయన చూడాలి కదా అని సబ్బమ్మ బయటికెళ్ళి కుండీని ఎత్తుకొచ్చి, ఆయన తల పక్కన స్టూలు మీద పెట్టింది. రోగి పక్కన పువ్వు పెట్టడం మంచి పనే. ఎవరైనా అదే చేస్తారు.

ఆయన పువ్వుని చూశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత ముక్కు చిట్లించి, కుండీ వైపు చెయ్యి చూపించి, మొహం పక్కకి తిప్పుకున్నారు. చెయ్యి ఎటు చూపిస్తే అది కావాలని కదా ఏర్పాటు? ఆవిడ కుండీని ఇంకాస్త దగ్గరికి జరిపింది. ఆయన మళ్ళీ చూపించారు. ఆవిడ మళ్ళీ జరిపింది. "తనివి తీరడం లేదు మీకు" అని మురిసిపోయింది.

ఆ పువ్వు కుళ్ళిన మాంసం వాసన వేస్తుంది. దాని తీరే అంత. ఈగల్ని పిలుచుకోవడానికి దానికి అదే దారి. ఇదే ఆయన దాచుకున్న తమాషా.

ఆ సాయంత్రం గుమ్మంలో కూతురు చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "సబ్బమ్మా, ఏదో వాసన వస్తోందే!"

సబ్బమ్మ ఆ రుమాలు వైపు చూసింది. "అవునమ్మాయిగారూ, నాకూ వస్తోంది. ఇప్పుడే గుడ్డలు మార్చాను. బయట పడేసి వస్తాను" అంది. ఎంత సులువుగా వచ్చేసిందో అబద్ధం.

కూతురు వెళ్ళాక మాస్టారిని తిప్పి, వేలి సందులూ చెవుల వెనకా వదలకుండా చూసింది. ఏమీ లేదు. అయినా మళ్ళీ ఒళ్ళు తుడిచింది. మర్నాడు కూతురు గుమ్మం దాకా కూడా రాలేక వరండాలో ఆగిపోయింది. నీలం రంగు ఈగలు మంచం తలవైపు ముసురుతున్నాయి. పువ్వు మీదా వాలుతున్నాయి. పువ్వన్నాక వాలవా అనుకుంది సబ్బమ్మ. ఆ తర్వాత దుప్పటి అంచున సన్నటి తెల్ల పురుగులు కనిపించాయి. పువ్వులో ఈగలు పెట్టిన గుడ్లు పిల్లలై కింద రాలాయి. కానీ మంచం పట్టినవాళ్ళ దుప్పటి మీద పురుగు అంటే ఆ పనిలో ఉన్నవాళ్ళకి అర్థం ఒక్కటే, ఎక్కడో మనిషి కుళ్ళుతున్నాడని. ఆవిడ ప్రాణం సగం పోయింది. గబగబా దుప్పటి తీసి, ఎవరూ చూడకుండా వేడినీళ్ళలో ముంచేసింది.

ఇక ఉతుకుడు మొదలైంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, మళ్ళీ పడుకోబోయే ముందు. వేడినీళ్ళలో మందు కలిపి, గరుకు తువ్వాలుతో రుద్దడం. ముసలి ఒంటి మీద చర్మం ఉల్లిపొరలా ఉంటుంది, దాన్ని అద్దాలే తప్ప రుద్దకూడదని ఆవిడకి తెలుసు. కొత్తగా పనిలోకి వచ్చిన ఆయాలకి ఆవిడే నేర్పింది ఆ మాట. నడుము కింద ఎర్రబడింది. ఎర్రబడిన చోట చెయ్యి పెట్టకూడదనీ తెలుసు. కానీ అక్కడే ఉందేమో వాసన! పువ్వు వాడితే ఇంకో మొగ్గ విచ్చుకుంటోంది, వాసన తగ్గే దారే లేదు. మాస్టారు తల అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నారు, కాదు, కాదు అని. ఎడమచేత్తో స్టూలు వైపు చూపిస్తూనే ఉన్నారు. "ఉండండి, ఈ కాస్తా అయ్యాక మీ పువ్వు చూద్దురుగాని" అనేది ఆవిడ.

ఒకరోజు కూతురు వరండాలోంచే పిలిచింది. "సబ్బమ్మా, ఏమీ అనుకోకు. నీకూ పెద్దవయసు వస్తోంది. పని ఎక్కువైనట్టుంది. ఏజెన్సీ వాళ్ళని అడిగి వేరే మనిషిని చూద్దామా?"

తమ్ముడింటి మడతమంచం కళ్ళ ముందు మెదిలింది. మరదలి గిన్నెలు చెవుల్లో మోగాయి. సబ్బమ్మ మాస్టారి గది గుమ్మంలోనే నిలబడి ఉంది, ఆయన మంచం నాలుగడుగుల దూరంలో ఉంది.

"నా పనిలో లోటేం లేదమ్మాయిగారూ. వాసన ఆయన లోపల్నుంచే వస్తోంది. ఇన్నాళ్ళు మంచాన ఉంటే మనిషి లోపల కుళ్ళు పుడుతుంది. ఎంత కడిగినా పోయేది కాదు. ఎవరొచ్చినా ఇంతే" అంది.

అనేసి వెనక్కి తిరిగింది. మాస్టారు ఆవిడనే చూస్తున్నారు. జీవితమంతా ఇస్త్రీ చొక్కాతో, గోళ్ళలో ఒక్క రంగుచుక్క లేకుండా బడికి వెళ్ళొచ్చిన మనిషి. ఆవిడ చూపు దించుకుని నీళ్ళ బకెట్ వైపు వెళ్ళింది. ఆ మాటతో సబ్బమ్మ ఉద్యోగం నిలబడింది. కూతురు వరండాలోంచి సుగంధం డబ్బా ఒకటి గదిలోకి కొట్టించడం మొదలుపెట్టింది.

రెండు మూడు రోజులకి ఆ ఎర్రటి చోట చర్మం ఊడి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ చేతి కింద పడిన మొదటి పుండు. ఎవరికీ చెప్పకుండా దూది పెట్టి కట్టు కట్టింది.

అప్పుడొచ్చాడు సెలూను అతను. నెలకోసారి వచ్చి మాస్టారికి జుట్టు కత్తిరించి గెడ్డం గీస్తాడు. గెడ్డం గియ్యాలంటే మనిషి దగ్గరికి వెళ్ళక తప్పదు కదా! గుమ్మంలోనే "అబ్బో!" అన్నాడు. సంచి కింద పెట్టి, మాస్టారి మీదికి వంగి, గాలి పీల్చి, తల ఎత్తాడు. పక్కకి తిరిగి కుండీ మీదికి వంగాడు. వెనక్కి ఒక్క గెంతు గెంతాడు.

"అక్కా! కంపు మాస్టారిది కాదే, ఈ పువ్వుది! ఇదేం పువ్వే తల్లీ, పందికొక్కు చచ్చినట్టుంది! ఇన్నాళ్ళూ దీన్ని ఆయన తల దగ్గర పెట్టి ఎలా ఊరుకున్నారు?"

ఆ అరుపుకి కూతురు వచ్చింది. మొట్టమొదటిసారి గుమ్మం దాటింది. కుండీ దగ్గరికి వెళ్ళి వాసన చూసి, తండ్రి దగ్గరికి వచ్చి ఆయన మెడ దగ్గర వాసన చూసి, నెమ్మదిగా సబ్బమ్మ వైపు తిరిగింది.

"నువ్వు పడుకునేది ఈ గదిలోనే కదా?"

"అవునమ్మాయిగారూ."

"మరి నీకు తెలియలేదా?"

సెలూను అతను కత్తి తుడుచుకుంటూ గోడకేసి చూశాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "నాకు వాసన తెలీదండీ. ఆ జ్వరం వచ్చినప్పట్నుంచీ."

"రోజూ 'నాకూ వస్తోంది' అన్నావే? నాన్న లోపల కుళ్ళుతోందన్నావే? వాసనే తెలియనిదానివి, ఎక్కణ్ణుంచి వస్తోందో నీకెలా తెలిసింది?"

మీకు ముక్కుంది కదా, మీరు నాలుగడుగులు లోపలికి వేసి ఉంటే సరిపోయేది కదా అన్న మాట సబ్బమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఆ మాట నిజమే, కానీ దాన్ని అనే హక్కు ఆవిడే పోగొట్టుకుంది.

"ఆ కుండీ తీసుకెళ్ళి చెత్తలో పడెయ్యి" అంది కూతురు సెలూను అతనితో. కుండీ గుమ్మం దాటుతుంటే మాస్టారు గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. పారెయ్యొద్దు, కాస్త దూరంగా పెట్టండి, అంతే. సబ్బమ్మకి ఆ చప్పుడు మాటలతో చెప్పినట్టు అర్థమైంది. కానీ ఆ పూట ఆవిడ మాట వినేవాళ్ళెవరు? కుండీ వెళ్ళిపోయింది.

డాక్టరు వచ్చి కట్టు విప్పి చూశాడు. "ఇది పడుకుని వచ్చిన పుండు కాదు. ఎవరో రుద్ది రుద్ది తోలు లేపారు" అన్నాడు. కూతురు మందుల చీటీ తీసుకుని వెళ్ళిపోయింది. తిడితే బాగుండేది.

వేరే మనిషి కోసం ఏజెన్సీకి ఫోన్లు వెళ్ళాయి. ఒకావిడ వచ్చి పుండు చూసి, తర్వాత ఇది నా వల్లే వచ్చిందంటారు, నాకొద్దని వెళ్ళిపోయింది. ఇంకొకావిడ రాత్రుళ్ళు ఉండనంది. సబ్బమ్మ బట్టల సంచి సర్దుకుని గుమ్మం దగ్గర పెట్టుకుని కూర్చుంది. చివరికి కూతురే వచ్చి చెప్పింది.

"కొత్తగా వచ్చేవాళ్ళలో ఏ లోపం ఉందో నాకేం తెలుసు? నీ లోపం ఏంటో తెలుసు. ఉండు."

అలా ఆవిడ చోటు ఆవిడకి దక్కింది. ఇప్పుడు కూతురు పొద్దునా సాయంత్రం లోపలికి వస్తోంది. తండ్రి మెడ దగ్గర, దుప్పటి దగ్గర, కట్టు దగ్గర వాసన చూసి, "సరే" అని వెళ్తోంది. సబ్బమ్మ పనిని తనిఖీ చెయ్యడానికే అయినా, కూతురు తండ్రి దగ్గరికి రావడమంటూ మొదలైంది.

పుండు మానుతున్న రోజుల్లో, గదిలో ఎవరూ లేనప్పుడు, సబ్బమ్మ గోరువెచ్చటి నీళ్ళ బేసిను పక్కన పెట్టుకుని ఆయన చెవి దగ్గరికి వంగింది. "మాస్టారూ, మీ దగ్గర ఏ వాసనా లేదు. ఏనాడూ లేదు. నా చోటు పోతుందని అలా అన్నాను. మీరు వింటున్నారని తెలిసే అన్నాను." ఆయన కళ్ళు మూయలేదు, తల కదపలేదు. పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయారు. ఆవిడ గుడ్డ తడిపి పిండింది. ఒళ్ళు తుడిచేటప్పుడు కుడిచెయ్యి ఎత్తడం ఎప్పుడూ ఆవిడ పనే. ఎడమచెయ్యి మాత్రం "ఊఁ" అనగానే ఆయనే ఎత్తి పట్టుకునేవారు. "ఊఁ" అంది. చెయ్యి లేవలేదు. మళ్ళీ అంది. ఈ చెయ్యి కూడా పడిపోయిందేమోనని హడలిపోయి డాక్టరుకి ఫోన్ చెయ్యమని కేకెయ్యబోయింది. ఇంతలో ఆయన ఆ చేత్తోనే తాపీగా చెంప గోక్కుని, మళ్ళీ పక్కమీద పడేశారు.

ఆవిడే ఎత్తి తుడిచింది. అప్పట్నుంచి రోజూ రెండు చేతులూ ఆవిడే ఎత్తుతోంది. రెండిట్లోనూ బాగున్న చెయ్యే ఎక్కువ బరువు.